పద్నాలుగు డాల్టన్ల తేడా: దిల్‌సుఖ్‌నగర్ నుంచి తార్నాక దాకా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి, కింద ఏ మందుల షాపులో అడిగినా సావ్లాన్ సీసా దొరుకుతుంది. దాని మీద చిన్న అక్షరాల్లో ఉండే రెండు ముఖ్య పదార్థాల్లో ఒకటి క్లోర్‌హెక్సిడిన్, రెండోది సెట్రిమైడ్. ఈ ప్రయాణానికి ఆ రెండో పేరు ముఖ్యం. నత్రజని పరమాణువుకు నాలుగు కర్బన శాఖలు అతుక్కుని, ఎన్నటికీ పోని ధనావేశంతో ఒక తల ఉంటుంది. ఆ శాఖల్లో ఒకటి మాత్రం పద్నాలుగు, పదహారు కర్బనాల దాకా సాగి తోకలా ఉంటుంది. తల నీళ్లలో ఉండాలని చూస్తుంది, తోక నూనెలో దాక్కోవాలని చూస్తుంది. ఇలాంటి రెండు స్వభావాల అణువులే సర్ఫాక్టెంట్లు. బ్యాక్టీరియా ఒంటి మీది రుణావేశం ఈ తలను లాక్కుంటుంది, వెనకే తోక పొరలోకి దిగబడి దాన్ని చీలుస్తుంది. గాయం శుభ్రపడేది అలాగే. పక్క ఫ్యాన్సీ షాపులో వేలాడే హెయిర్ కండిషనర్ ప్యాకెట్లలో ఉండేదీ ఈ కుటుంబమే. ఇదే అణువుకు ఒకటి కాక రెండు పొడవాటి తోకలు తగిలిస్తే దాని నడవడి మారిపోతుంది. పొరను చీల్చడం మాని తానే పొర కడుతుంది. నీళ్లలో కంటికి కనిపించని బుడగలుగా చుట్టుకుంటుంది. ఆ బుడగల ధనావేశానికి డీఎన్ఏ రుణావేశం వచ్చి అతుక్కుంటుంది. అలా ఏర్పడిన ముద్దను కణం తనలోకి తీసుకుంటే, దాంతోపాటే జన్యువూ లోపలికి వెళ్తుంది. వైరస్ సాయం లేకుండా జన్యువును కణంలోకి చేర్చే పద్ధతుల్లో ఒక పెద్ద శాఖకు మూలం ఇదే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎర్ర లైను మెట్రోలో ఎల్బీనగర్, అక్కణ్నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద నాగోలు, మళ్లీ మెట్రో ఎక్కి హబ్సిగూడ, తార్నాక. తూర్పు హైదరాబాద్ జనం రోజూ చేసే ప్రయాణమే ఇది. సావ్లాన్ సీసాలోని అణువు దగ్గర బయల్దేరి, దాని రెండు తోకల బంధువులను తయారుచేసిన, పరీక్షించిన ప్రయోగశాలల దగ్గరకు ఈ దారి చేరుస్తుంది. దారి పొడవునా నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. జన్యువును మోసే అణువును తయారుచేసిన రోజున మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూచి, బరువు సరిపోయిందని నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతి కథంతా కణాలకూ ఎలుకలకూ వదిలేయడం ఈ రంగంలో చాలాకాలం సాగిన అలవాటు. అది చాలదు. ఆ తూకం సీసాలో నిల్వ ఉన్నప్పుడు జరగాలి, జన్యువుతో కలిపినప్పుడు జరగాలి, కణంలోకి వెళ్లాక కూడా జరగాలి. అలా జరగనంత కాలం ఒక జన్యువాహకం పనిచేసిందనే వార్త గానీ, పనిచేయలేదనే వార్త గానీ ఏ అణువు గురించి చెబుతున్నారో మనకు నిశ్చయంగా తెలియదు.

స్టేషన్ నుంచి చైతన్యపురి వైపు రోడ్డు పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులే. సందుల్లో హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు. ఇలాంటి చోట ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి సీఎస్ఐఆర్ నెట్ రాయాలనుకునే విద్యార్థికి మాస్ స్పెక్ట్రోమెట్రీ సిలబస్‌లో ఒక భాగం. అణువుకు ఆవేశం ఎక్కించి, శూన్యంలోకి ఎగరేసి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాల్లో అది ఎలా కదిలిందో చూసి, దాని బరువును ఆవేశంతో భాగించిన సంఖ్యను చదవడం ఆ విద్య. బ్రోమిన్ ఉన్న అణువుకు రెండు డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) ఎడంలో దాదాపు ఒకే ఎత్తున్న రెండు శిఖరాలు వస్తాయని ఆ విద్యార్థికి నోటికి వచ్చు. ఎందుకంటే ప్రకృతిలో 79 బరువున్న బ్రోమిన్, 81 బరువున్న బ్రోమిన్ ఇంచుమించు సగం సగం ఉంటాయి. క్లోరిన్ అయితే మూడింటికి ఒకటి. పరీక్షలో ఇది నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న. ఈ చదువు బట్టీ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. జన్యువాహకాల విశ్లేషణలో నిత్యం వాడేది సరిగ్గా ఈ జ్ఞానమే. లోటు ఎక్కడంటే, ఈ లెక్క ఎవరి వైద్యానికి పనికొస్తుందో పాఠంలో చెప్పేవాళ్లు అరుదు.

ఈ లెక్క వైద్య పరిశోధనకు పనికొస్తుందనడానికి సాక్ష్యం కెనడాలో ఉంది. సస్కటూన్‌లోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు జెమిని సర్ఫాక్టెంట్ల మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఇవి కవల అణువులు. రెండు నత్రజని తలలను ఒక చిన్న వంతెన కలుపుతుంది, ఒక్కో తలకు ఒక్కో తోక ఉంటుంది. తోకకు పదహారు కర్బనాలు, వంతెనకు మూడు కర్బనాలు ఉన్న రకాన్ని వాడి, చర్మం మీద పూతగా జన్యువును లోపలికి పంపే ప్రయత్నం అక్కడ జరిగింది. అదే విశ్వవిద్యాలయంలో అనస్ ఎల్-అనీద్ బృందం ఈ అణువులు మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఎలా కనిపిస్తాయి, ఏ వరుసలో ముక్కలవుతాయి అన్నది వివరంగా రాసింది. ఆ పదహారు-మూడు-పదహారు అణువు బరువు దాదాపు 580.7 డాల్టన్లు. కానీ దానికి రెండు ధనావేశాలు ఉంటాయి కాబట్టి యంత్రంలో 290.3 దగ్గర కనిపిస్తుంది. దాని పక్కనుండే ఐసోటోప్ శిఖరాల ఎడం ఒకటి కాక అర ఉండటం చూసి ఆవేశాలు రెండని తేల్చుకోవచ్చు. ఒక బ్రోమైడ్ అయాన్ అతుక్కుని ఉంటే ఆవేశం ఒకటికి తగ్గి, 659.6, 661.6 దగ్గర ఒకే ఎత్తున్న జంట శిఖరాలు లేస్తాయి. విద్యార్థి నోటికి వచ్చిన లెక్క ఇక్కడ ఒక మందు వాహకాన్ని గుర్తుపట్టే ఆనవాలవుతోంది. నాకు ఈ పనిలో నచ్చేది ఇంకొకటి. ఆ పరిశోధకులు అణువును సీసాలో తూచి ఆగిపోలేదు. కణాల్లోకి వెళ్లిన సర్ఫాక్టెంట్ ఎంతో, ఆ కణాలను పగలగొట్టిన రసంలో కొలిచే పద్ధతులు కూడా తయారుచేశారు. జన్యువు దించిన తర్వాత వాహకం ఏమైపోయిందన్న ప్రశ్నకు జవాబు వెతికే దారి అది.

చైతన్యపురి స్టేషన్‌కు అవతల, మూసీ వైపు కొసగుండ్ల నరసింహస్వామి గుట్ట మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. బౌద్ధ విహారం ప్రస్తావన ఉన్న ఆ అక్షరాలు పదిహేను వందల ఏళ్లుగా రాతి మీద నిలిచాయి. జన్యువును మోసే కొవ్వు అణువుకు, అంటే లిపిడ్‌కు, అంత ఓపిక లేదు. గాలి తగిలితే ఆక్సిజన్ పట్టుకుంటుంది. తేమ తగిలితే దాని ఎస్టర్ బంధాలు తెగుతాయి. ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టిన ప్రతిసారీ కొంత మారే అవకాశం ఉంటుంది. సీసా మీది లేబుల్ మాత్రం మారదు. నేను మళ్లీ మళ్లీ తూచమనడానికి మొదటి కారణం ఇదే.

తర్వాతి స్టేషన్ విక్టోరియా మెమోరియల్. ఆ తర్వాత ఎల్బీనగర్, లైను అక్కడితో ఆఖరు. విజయవాడ హైవే, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే ఈ కూడలిలో నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల్లోంచి దిగేవాళ్లలో చేతిలో స్కానింగ్ కవర్లు పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. కూడలి చుట్టూ ఆసుపత్రులే. కొత్తపేటలో గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ తరలిపోయిన స్థలంలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి టిమ్స్‌కు 2022లో శంకుస్థాపన జరిగింది. జన్యు ఔషధాలు ఇలాంటి ఆసుపత్రులకు ఎప్పుడో వచ్చే వింతలు కావు. కొవ్వు కణికల్లో చుట్టి ఇచ్చే ఆర్ఎన్ఏ మందుకు అమెరికాలో మొదటి అనుమతి 2018 ఆగస్టులో దొరికింది. వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం అమిలాయిడ్ వ్యాధికి వాడే పటిసిరాన్ ఆ మందు. మూడేళ్లు తిరిగేసరికి ఫైజర్, మోడెర్నాల కోవిడ్ టీకాలు అలాంటి కణికల్లోనే కోట్ల మందికి చేరాయి. వీటిలో వాడిన లిపిడ్లు సెట్రిమైడ్ లాగా ఎప్పుడూ ధనావేశంతో ఉండవు. రక్తంలో ఆవేశం లేకుండా ఉండి, కణం లోపలి ఆమ్లత్వం తగిలాక ఆవేశం తెచ్చుకుంటాయి. తల, తోకల నిర్మాణం మాత్రం అదే. రోగికి ఇచ్చే సూది మందులో ఆర్ఎన్ఏ కన్నా ఈ కొవ్వుల బరువే చాలా రెట్లు ఎక్కువ. అంత ఎక్కువగా ఒంట్లోకి వెళ్లే పదార్థాన్ని ఉత్త పెట్టెగా చూడటం నాకు సరైన పనిగా తోచదు.

2021లో మోడెర్నా శాస్త్రవేత్తలు నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించిన ఒక పరిశోధన ఈ విషయంలో నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. ఆర్ఎన్ఏ తెగిపోలేదు, పొడవు తగ్గలేదు, అయినా కణంలో దాని నుంచి ప్రొటీన్ తయారు కావడం లేదు. ఆర్ఎన్ఏ శుద్ధతను చూసే మామూలు పరీక్షల్లో లోపం కనిపించదు. పదార్థాలను గొట్టంలోంచి పంపి విడదీసే వేరే రకం క్రొమటోగ్రఫీలో మాత్రం అసలు శిఖరం వెనక ఆలస్యంగా మరో శిఖరం వస్తోంది. ఆర్ఎన్ఏను ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా విడదీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇస్తే కారణం బయటపడింది. ఆర్ఎన్ఏ అక్షరాలకు లిపిడ్ ముక్కలు శాశ్వతంగా అతుక్కుని ఉన్నాయి. లిపిడ్ తలలోని నత్రజనికి ఒక ఆక్సిజన్ చేరి ఎన్-ఆక్సైడ్ అవుతోంది, అది తెగి ఆల్డిహైడ్ పుడుతోంది, ఆ ఆల్డిహైడ్ ఆర్ఎన్ఏను పట్టుకుంటోంది. ఒక ఆక్సిజన్ అంటే పదహారు డాల్టన్లు. పటిసిరాన్‌లో వాడే లిపిడ్‌ను ఉదాహరణగా తీసుకుంటే, ప్రోటాన్ ఎక్కిన అణువు 642.6 దగ్గర కనిపిస్తుంది. దానికి ఆక్సిజన్ ఒకటి చేరితే 658.6 దగ్గర ఒక చిన్న శిఖరం లేస్తుంది. ఆ చిన్న శిఖరాన్ని లెక్కచేయకుండా వదిలేస్తే, మందు పనిచేయకపోవడానికి ఆర్ఎన్ఏను తప్పుపడతారు, నిల్వ ఉష్ణోగ్రతను తప్పుపడతారు, చివరికి రోగి శరీరాన్ని కూడా తప్పుపడతారు.

ఇక్కడ జీవశాస్త్రవేత్తల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. చివరికి కావాల్సింది కణంలో జన్యువు పనిచేయడం. అది నేరుగా చూసే పరీక్షలున్నాయి. మెరిసే ప్రొటీన్ తయారుచేయించే జన్యువును పంపితే, అది పనిచేసిన కణం మెరుస్తుంది, ఆ మెరుపును కొలిస్తే చాలు కదా, బరువుల గొడవ ఎందుకంటారు. లిపిడ్ బరువు నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా కణిక పరిమాణం తేడా వస్తే, డీఎన్ఏకూ లిపిడ్‌కూ నిష్పత్తి కుదరకపోతే ఫలితం రాదని కూడా గుర్తుచేస్తారు. రెండు మాటలూ నిజమే. మాస్ స్పెక్ట్రోమీటర్ కణిక ఆకారం చెప్పదు, అది కణంలోకి ఎలా దూరిందో చెప్పదు. కానీ కణం మెరవనప్పుడు ఏం జరిగిందో ఆ మెరుపు పరీక్ష కూడా చెప్పలేదు. అది ఫలితమే ఇస్తుంది, కారణం ఇవ్వదు. పది లిపిడ్లు పోల్చి ఇది మేలు, ఇది నాసి అని వరుస కట్టినప్పుడు, ఆ పదింటిలో రెండు అప్పటికే పాడైపోయి ఉంటే ఆ వరుసే తప్పు. దాన్ని నమ్మి తర్వాతి తరం అణువులు గీసినవాళ్ల కష్టమంతా వృథా.

ఎల్బీనగర్‌లో మెట్రో దిగాక నాగోలు దాకా సుమారు ఐదు కిలోమీటర్లు బస్సో ఆటోనో పట్టాలి. ఎర్ర లైనునూ నీలం లైనునూ ఈ వైపు కలిపే ప్రతిపాదన మెట్రో రెండో దశలో ఉంది. కామినేని ఆసుపత్రి దగ్గర ఫ్లైఓవర్ దాటి, అల్కాపురి మీదుగా వెళ్తే మూసీ వంతెన, నాగోలు వస్తాయి. అక్కడ నీలం లైను ఎక్కితే ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక. నగరంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని జాతీయ ప్రయోగశాలలు ఉన్న దారి ఇంకోటి లేదు. 1944లో నిజాం రాజ్యంలో సెంట్రల్ లాబొరేటరీస్ ఫర్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ పేరుతో మొదలైన సంస్థ 1956లో రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) అయింది. ఆ సంస్థలోని బయోకెమిస్ట్రీ విభాగం నుంచే 1977లో పి.ఎం. భార్గవ నాయకత్వంలో సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) పుట్టింది. అంటే అణువును తయారుచేసేవాళ్లూ, దాన్ని కణంలో పరీక్షించేవాళ్లూ ఒకప్పుడు ఒకే కప్పు కింద ఉన్నారు. సీసీఎంబీ సొంత ప్రాంగణం జాతికి అంకితమైంది 1987 నవంబరులో. అదే నెలలో కాలిఫోర్నియాలో ఫిలిప్ ఫెల్గ్నర్ బృందం, ధనావేశ లిపిడ్‌తో డీఎన్ఏను కణాల్లోకి పంపిన లిపోఫెక్షన్ పద్ధతిని అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ప్రకటించింది. కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ తర్వాత ఈ రోడ్డు మీద జరిగిన పని చూస్తే ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టాలనిపిస్తుంది.

1999లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో ఐఐసీటీకి చెందిన అరబింద చౌధురి బృందం, సీసీఎంబీకి చెందిన ఎన్. మధుసూదనరావు కలిసి ఒక కొత్త లిపిడ్ల వరుసను ప్రచురించారు. ఫెల్గ్నర్ లిపిడ్‌లో తలకూ తోకలకూ మధ్య గ్లిజరాల్ వెన్నెముక ఉంది. తార్నాక అణువుల్లో ఆ వెన్నెముక లేదు. నత్రజనికే నేరుగా రెండు తోకలు, దానికే హైడ్రాక్సీఇథైల్ శాఖలు. తయారీ సులువైంది, పని జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో అదే బృందం తోక పొడవులు, తల ఆకారాలు మార్చి మార్చి చాలా అణువులు కట్టింది. వాటన్నిటిలో నేను పదేపదే తలచుకునేది 2004లో ఫెబ్స్ లెటర్స్‌లో వచ్చిన చిన్న పత్రం. జన్యువును ఏమాత్రం చేర్చలేని ఒక లిపిడ్‌కు తల భాగంలో ఒకే ఒక మిథిలీన్, అంటే ఒక కర్బనం, రెండు హైడ్రోజన్లు అదనంగా చేరిస్తే అది సమర్థమైన జన్యువాహకంగా మారిపోయింది. పద్నాలుగు డాల్టన్లు! దేనికీ పనికిరాని అణువుకూ, వైద్యానికి ఆశ చూపే అణువుకూ మధ్య తేడా అంతే. ఇంత సన్నని గీత మీద నడిచే రంగంలో, ఆ సీసాలో నిజంగా ఏ అణువు ఎంత శాతం ఉందన్న ప్రశ్న రసాయనశాస్త్రవేత్తల చాదస్తం ఎలా అవుతుంది?

అణువు బరువుతో పాటు దాని ముక్కలు కూడా మాట్లాడతాయి. రెండు పదహారు కర్బనాల తోకలు, రెండు హైడ్రాక్సీఇథైల్ శాఖలు ఉన్న నత్రజని లిపిడ్‌ను తీసుకుందాం. దాని ధనావేశ భాగం 554.6 దగ్గర కనిపించాలి. తోకలు పద్నాలుగు కర్బనాలవైతే 498.5. ఆవేశం ముందే ఉంది కాబట్టి, ఎలక్ట్రోస్ప్రే పద్ధతిలో దీనికి విడిగా ప్రోటాన్ ఎక్కించాల్సిన పని లేదు. ద్రావణాన్ని సన్నని సూదిలోంచి చిమ్మితే అణువు నేరుగా యంత్రంలోకి ఎగురుతుంది. పెద్ద అణువులను పగలగొట్టకుండా ఎగరేసే ఈ పద్ధతికే జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. లోపల ఆ అయాన్‌ను వాయు అణువులతో ఢీకొట్టిస్తే ఒక తోక హెక్సాడిసీన్‌గా ఊడి 224.3 డాల్టన్లు పోతాయి, 330.3 మిగులుతుంది. ఊడిన ముక్క తోక పొడవు చెబుతుంది, మిగిలిన ముక్క తల సంగతి చెబుతుంది. మిథిలీన్ అదనంగా చేరింది తలలోనా తోకలోనా అని తెలియాలంటే, ఆ పద్నాలుగు ఏ ముక్కతో పోయిందో చూడాలి. 2004 పత్రం చెప్పిన తేడా సరిగ్గా తలలో ఉంది కాబట్టి ఈ పరీక్ష విలువ ఇంకా పెరుగుతుంది.

అయితే ఆ 330.3 సంఖ్యలోనే ఒక చిక్కు ఉంది. ఇలాంటి లిపిడ్‌ను కట్టే ఒక దారిలో ముందు ఒక తోక తగిలించి, తర్వాత రెండోది తగిలిస్తారు. రెండో అడుగు పూర్తిగా జరగకపోతే ఒంటి తోక అణువు కొంత మిగిలిపోతుంది. దానికి ప్రోటాన్ ఎక్కితే దాని బరువూ 330.3. ఒంటి తోక అణువు పొర కట్టదు, సబ్బు లాగా పొరను చీలుస్తుంది. కణాలు చచ్చిపోతే లిపిడ్ విషపూరితమని రాసేస్తారు, విషం మాత్రం ఆ మిగిలిపోయిన ముడిసరుకుది కావచ్చు. యంత్రంలో కనిపించిన 330.3 అసలు అణువు విరిగిన ముక్కా, సీసాలోనే ఉన్న మలినమా అన్నది బరువు ఒక్కటే చూసి చెప్పలేం. మాస్ స్పెక్ట్రోమెట్రీని విమర్శించేవాళ్లు ఎత్తిచూపేది ఇలాంటి చోట్లనే. ఆక్సిజన్ చేరిన పదహారు కూడా అంతే. అది తలలో నత్రజనికి చేరిందా, తోకలో జంట బంధం మీద చేరిందా అన్నది మొత్తం బరువు చెప్పదు. దీనికి నా జవాబు యంత్రాన్ని వెనకేసుకురావడం కాదు. దాని ముందు క్రొమటోగ్రఫీ ఉండాలి. నిజమైన మలినం గొట్టంలోంచి వేరే సమయంలో బయటికి వస్తుంది, లోపల విరిగిన ముక్క అసలు అణువుతోపాటే వస్తుంది. స్థానం తేల్చడానికి ముక్కల పరీక్ష, పదార్థం చాలినంత ఉంటే అణువులో పరమాణువుల అమరిక చూపే ఎన్ఎంఆర్ పరీక్ష కూడా ఉండాలి. ఎన్ఎంఆర్ ఉంటే చాలు కదా అనేవాళ్లకు ఒక్క సంగతి గుర్తుచేయాలి. ఒక శాతం కన్నా తక్కువున్న మలినం ఎన్ఎంఆర్‌లో పెద్ద శిఖరాల మధ్య కలిసిపోవడం మామూలే. ఆర్ఎన్ఏను పాడుచేయడానికి అంతకన్నా తక్కువ ఆల్డిహైడ్ కూడా చాలు.

కొలతల విషయంలో అభ్యంతరం ఇంకా గట్టిది. శిఖరం ఎత్తు చూసి పదార్థం ఎంతుందో చెప్పడం ఈ యంత్రంతో ప్రమాదం. ఎప్పుడూ ధనావేశంతో ఉండే అణువు రవ్వంత ఉన్నా పెద్దగా కనిపిస్తుంది. పక్కనే ఆవేశం లేని కొలెస్ట్రాల్ గుట్టగా ఉన్నా సరిగా కనిపించదు. ఈ ధనావేశ సర్ఫాక్టెంట్లు గొట్టాలకూ గాజుకూ అతుక్కుని, తర్వాత వేరే నమూనా పెట్టినప్పుడు కూడా తొంగిచూస్తాయి. అందుకే కొన్ని ప్రయోగశాలల్లో ఇలాంటి నమూనాలంటే యంత్రం నడిపేవాళ్లు జంకుతారు. ఈ ఇబ్బందులన్నీ నిజమే, కానీ వీటికి మందు అందరికీ తెలిసిందే. హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం ఉన్న అదే అణువును తెలిసిన మోతాదులో కలిపితే, రెండూ ఒకేలా నడుస్తాయి కాబట్టి వాటి నిష్పత్తి నుంచి అసలు మొత్తం దొరుకుతుంది. నమూనాల మధ్య ఖాళీ పరీక్షలు నడపాలి. పోనీ దీన్ని వదిలేసి మందుల కంపెనీలు మామూలుగా వాడే అతినీలలోహిత డిటెక్టరుతో చూద్దామంటే, పొడవాటి కొవ్వు తోకలకు ఆ కాంతిని చెప్పుకోదగ్గంతగా పీల్చే భాగమే ఉండదు. ఆ డిటెక్టరులో గీత తిన్నగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఆ శుభ్రతను నమ్మడం కన్నా మాస్ స్పెక్ట్రోమీటర్‌తో తంటాలు పడటమే మేలు.

ఖర్చు మాటకు వస్తే, మంచి యంత్రం కోట్ల రూపాయలది, ప్రతి విశ్వవిద్యాలయం కొనలేదు. నిజమే, కొనాల్సిన పని లేదు కూడా. ఐఐసీటీలో నేషనల్ సెంటర్ ఫర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ పేరుతో ఒక కేంద్రం ఏర్పడి, ఎందరో విద్యార్థులు ఈ విద్య అక్కడ నేర్చుకున్నారు. సీసీఎంబీ అక్కడికి కూతవేటు దూరం. ద్రావణాన్ని నేరుగా చిమ్మి ఒక లిపిడ్ బరువు చూడటం నిమిషాల పని, దాన్ని ఎలుకకు ఇచ్చి వారాలు ఎదురుచూడటం కన్నా ఎన్నో రెట్లు చవక. మొదటి దశలో వందల అణువులు వడపోసేటప్పుడు ఇంత శుద్ధత పట్టింపు పెట్టుకుంటే పరిశోధన నత్తనడక నడుస్తుందనే మాటతో నేను కొంతవరకు ఒప్పుకుంటాను. వందల అణువులకూ పూర్తి పరీక్ష అక్కర్లేదు. కానీ అందులోంచి బాగుందని ఎంచినవాటికీ, అసలు పనిచేయలేదని పక్కన పెట్టినవాటికీ ఆ పరీక్ష కావాలి. పక్కన పెట్టినవాటిని మరచిపోకూడదు. 2004 నాటి ఆ పనికిరాని లిపిడ్‌ను పక్కన పెట్టి మరచిపోయి ఉంటే, దానికి ఒక మిథిలీన్ దూరంలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. 2022 మే నెలలో సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ సొంతంగా రూపొందించిన ఎంఆర్ఎన్ఏ టీకా సాంకేతికతను ప్రకటించింది. అదే ఏడాది హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్ ఈ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఆర్ఎన్ఏ సాంకేతికత బదిలీ కార్యక్రమానికి ఎంపికైంది. ఆర్ఎన్ఏ తయారీ మీద చూపే శ్రద్ధ దాన్ని మోసే లిపిడ్ల మీద కూడా ఉండాలి. 2025 మేలో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన వార్త దీన్ని ఇంకా ముందుకు నెట్టింది. అరుదైన జన్యులోపంతో పుట్టిన ఒకే ఒక పసివాడి కోసం, ఆ ఒక్క లోపాన్ని సరిచేసే మందును సుమారు ఆరు నెలల్లో తయారుచేసి, కొవ్వు కణికల్లో చుట్టి కాలేయానికి పంపారు. ఇలాంటి మందుకు వేలమంది మీద పరీక్ష జరగదు, సగటు లెక్క ఉండదు. ఆ పసివాడికి ఎక్కించే ఆ ఒక్క సీసాలో ఏముందో చెప్పే విశ్లేషణ మీద ఎంతో ఆధారపడాలి. రేపు ఎల్బీనగర్‌లో బస్సు దిగే ఒక కుటుంబానికి అలాంటి మందు ఇక్కడే తయారవ్వాలంటే, లిపిడ్ కట్టేవాళ్లు, కణాలు పెంచేవాళ్లు, యంత్రం చదివేవాళ్లు ఒకే నోటుపుస్తకం వాడాలి. హబ్సిగూడ, తార్నాకల నుంచి వెళ్లే ప్రతి జన్యువాహక పత్రంతోనూ ఒక పట్టిక ఉండాలన్నది నా కోరిక. తయారైన రోజు స్పెక్ట్రం, నిల్వ తర్వాత స్పెక్ట్రం, జన్యువుతో కలిపిన తర్వాత స్పెక్ట్రం, కనిపించిన చిన్న శిఖరాల బరువులు, వాటి శాతాలు అందులో ఉండాలి. తూచిన తేదీ పక్కనే ఎలుకకు ఇచ్చిన తేదీ కూడా ఉండాలి.